మంత్రసాని మనుమరాండ్లు

మా అవ్వ పటాన్‌చెరులో ఒక నర్సింగ్‌హోంల పదమూడేండ్లు పనిచేసింది. దానికి రుజువుగా మా ఇంట్ల ఇప్పుడు ఒకటే కాగితముంది. లెటర్‌ప్యాడు మీద టైపు చేసిన నాలుగు లైన్లు. ఫలానా ఆమె 1997 నుంచి 2010 వరకు మా వద్ద స్వీపరుగా పనిచేసినది, నడవడిక సంతృప్తికరం. కింద సంతకం, రబ్బరు ముద్ర.

స్వీపరు అనే మాట అబద్ధం కాదు. ఊడ్చింది, కడిగింది. కాని సూదులేసింది, సెలైన్ ఎక్కించింది, మూత్రం పైపు పెట్టింది, కుట్లు విప్పింది, బీపీ చూసింది. నర్సు డ్యూటీకి రాని రాత్రులు తనే నర్సయింది. వాటిల్ల ఒక్కటి గూడ ఆ నాలుగు లైన్లల్ల లేదు.

నేను సర్కారు బడిల సోషల్ చెప్త. చరిత్రకు ఆధారాలు శాసనాలు, నాణేలు, రికార్డులు అని పిల్లలతో రాయిస్త. మరి రికార్డే సగం చెప్పి ఊకుంటే ఏం జెయ్యాలె? మిగతా సగం మనమే రాసుకోవాలె. అందుకే ఇది రాస్తున్న.

నర్సుల చరిత్రను చాలామంది దీపం పట్టుకున్న నైటింగేల్ దగ్గర మొదలుపెడతారు. మాది మా నాయినమ్మ కొడవలి దగ్గర మొదలైతది. నక్కవాగు ఒడ్డున మా ఊరు. మంత్రసాని పని కొన్ని ఊర్లల్ల మంగలోళ్ల ఆడోళ్లు చేస్తరు, కొన్ని ఊర్లల్ల చాకలోళ్లు. మా ఊర్ల అది మాదిగోళ్ల పని. నాయినమ్మకు వాళ్ల అత్త నుంచి వచ్చింది. పటేలు ఇంట్ల కోడలికి నొప్పులొస్తే అర్ధరాత్రి జీతగాడు వాడకొచ్చి పిలిచేటోడు. ముందటి దర్వాజ నుంచి కాదు, దొడ్డి దర్వాజ నుంచి పోవాలె. కాన్పు చేసి, బొడ్డు కోసి, మాయ పడ్డదాక కూసోని, దాన్ని బొంద తీసి పాతిపెట్టి, నెత్తురు బట్టలు వాగుకు తీస్కపోయి ఉతికి, పురుడయ్యేదాక బాలింతకు, బిడ్డకు నీళ్లు పోసేది. ఆ ఇంటి బిడ్డను లోకంల మొదట ముట్టుకున్న చెయ్యి మాదిగామెది. పురుడైనంక ఇల్లంత అలికి శుద్ధి చేసుకునేటోళ్లు. అప్పటి నుంచి అదే చెయ్యి గడప అవతల. మగపిల్లగాడైతే చాటెడు జొన్నలు, ఒక పాత చీర. ఆడపిల్లైతే జొన్నలు సగమే. "ఆడపిల్ల గూడ గదే తొవ్వల నుంచి వస్తది గద బిడ్డా, నాకు కష్టమేమన్న తగ్గుతదా?" అని నవ్వేది నాయినమ్మ.

దేశంలో దాయిలకు సర్కారు శిక్షణ 1977లో గ్రామీణ ఆరోగ్య పథకం కింద పెద్దయెత్తున మొదలైంది. నాయినమ్మ ఎనభైలల్ల పోయింది. వచ్చేటప్పుడు ఒక డబ్బా ఇచ్చిండ్రు. అందుల కత్తెర, దారం, సబ్బు, ప్లాస్టిక్ షీటు. వేలిముద్ర వేసి తెచ్చుకుంది. అక్కడ నేర్చుకున్న ముచ్చట ఒకటి ఆమెను చచ్చేదాక విడువలేదు. బొడ్డు కోసే ఇనుముకు తుప్పు, పేడ అంటి ఉంటే పసిపిల్లకు ధనుర్వాతం వస్తదని చెప్పిండ్రు. "ఏడో దినం బిగుసుకపోయి సచ్చిన పిల్లలు గాలి సోకి సచ్చిండ్రనుకున్న. నా కొడవలి అని నాకెవరు చెప్పిండ్రు?" అని ఒకసారి నా ముందే ఏడ్చింది. మంత్రసానితనాన్ని పొగిడి పాటలు కట్టేవాళ్లకు నేనీ ముచ్చట చెప్త. మా పెద్దోళ్ల పనితనం గొప్పదే. దానికి చదువు అందకుండా చేసినందుకు పసిపిల్లలు చచ్చిండ్రు, మా వాడ పిల్లలు గూడ.

2005లో జననీ సురక్ష యోజన వచ్చింది. కాన్పులు దవాఖానలకు మళ్లినయి. మంచిదే, తల్లులు బతుకుతున్నరు. నేను అడిగేది వేరే. కాన్పు దవాఖానకు పోయింది, కాన్పు చేసే మనిషి ఎటుపోయింది? డెబ్బైలల్ల మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ పద్ధతి పెట్టిండ్రు, ఏఎన్ఎంలు వచ్చిండ్రు. ఆ కొలువుకు చదువు కావాలె, సరే. కాని దాయిని చదివించి ఏఎన్ఎం దాక ఎక్కించే మెట్టు మా ఊరి దిక్కు ఎవ్వరూ కట్టలే. దాయి బిడ్డకు, కోడలికి దవాఖానల దొరికింది చీపురు. సర్కారు దవాఖాన పోస్టుల పట్టికలు చూడండి: మేల్ నర్సింగ్ ఆర్డర్లీ, ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ, ఆయా, స్వీపరు. వీటి పక్కనే 'తోటి' అనే పోస్టు ఏండ్ల తరబడి నడిచింది. కులం పని పేరే సర్కారు కొలువు పేరయింది.

మెట్టు అసలే లేదా అంటే ఒకచోట ఉండె, మెదక్‌ల. వెస్లియన్ మిషన్ పాస్నెట్ దొర పందొమ్మిదో శతాబ్దం ఆఖర్ల మెదక్‌కు వచ్చిండు. ఆ పెద్ద చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. అందరు చర్చి ఎత్తు గురించే చెప్తరు. నాకు ముఖ్యమైంది ఆ కాంపౌండు. బడి, హాస్టలు, దవాఖాన దగ్గర దగ్గరనే ఉండె. మాల మాదిగ ఆడపిల్లలు బడి నుంచి దవాఖానకు పోయిండ్రు కాబట్టి కొందరు నర్సులయిండ్రు. మా ఇంటోళ్లు బడి లేకుండనే దవాఖానకు పోయిండ్రు కాబట్టి ఆయాలయిండ్రు. మతం సంగతి పక్కన పెట్టండి, వరుస సంగతి చూడండి. ముందు ఏ దర్వాజ తెరుచుకున్నదనే దాని మీద రెండు తరాల బతుకు తేలిపోయింది.

మేం పటాన్‌చెరు వచ్చింది 1993ల, నాకప్పుడు మూడేండ్లు. అప్పటికే రామచంద్రాపురంల బీహెచ్ఈఎల్ వచ్చి ముప్పై ఏండ్లు, ఇక్రిశాట్ వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. 1980ల ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచినంక ఈ బెల్టుకు ఇంకా ఊపొచ్చింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం నిండ మందుల కంపెనీలు, రసాయనాలు, ఇనుము. ఆ నీళ్లన్ని ఇసుకవాగుల, నక్కవాగుల కలిసి మంజీరకు పోయినయి. మా ఊరి వాగు రంగు మారింది. 1990ల కేసు సుప్రీంకోర్టుకు పోయింది, పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావుగారు రోగుల చిట్టీలతో పాటు వాగు లెక్కలు గూడ రాసి కొట్లాడిండు. నష్టపరిహారం వచ్చింది, కాని ఎకరాల లెక్కన వచ్చింది. మాకు ఎకరం లేదు. వాగుల నిలబడి బట్టలు ఉతికిన నాయినమ్మ కాళ్లకు లెక్క లేదు. కూలి పోయిన నాయిన పటాన్‌చెరు వచ్చి, ఆ వాగును పాడుజేసిన కంపెనీలల్లనే డ్రమ్ములు కడిగే పనికి కుదిరిండు. మూడేండ్లకు దగ్గు పట్టుకున్నది. మందులకు పైసలు కావాలె గనక అవ్వ మందులిచ్చే కాడికే పనికి పోయింది. నెలకు ఆరువందలు.

మొదలు ఊడుస్తనే ఉండె. కాన్పు గదిల నిలబడే తీరు చూసి డాక్టరమ్మకు అర్థమైంది, ఈమెకు చెయ్యి తిరిగి ఉన్నదని. నాయినమ్మ వెంట కోడలిగా పది పన్నెండు కాన్పులు చూసింది మరి. ఒక రాత్రి రెండు గంటలకు రోలింగు మిల్లుల పనిచేసే ఒడిశాయన తన పెండ్లాన్ని ఆటోల తెచ్చిండు. డాక్టరమ్మ ఫోన్ల ఉన్నది, ఇంటి నుంచి రావాలె. డ్యూటీ నర్సు కొత్త పిల్ల, వణుకుతున్నది. తల బయటికొచ్చింది, బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు. అవ్వ వేలు పెట్టి ఒక్కొక్క చుట్టు తప్పించి బిడ్డను తీసింది. డాక్టరమ్మ వచ్చేవరకు బిడ్డ ఏడుస్తనే ఉన్నది. కేసుషీటు మీద కాన్పు చేసింది డాక్టరని రాసిండ్రు. తెల్లారి ఆ టేబులు కడిగింది అవ్వనే. ఆ ఒడిశాయన మిఠాయి డబ్బా తెచ్చి డాక్టరమ్మ చేతికిచ్చి, అవ్వ కాళ్లు మొక్కబోయిండట. ఆయనకు తెలుసు కదా.

ఆఫీసర్లు తనిఖీకి వచ్చిన దినాలు అవ్వ మెడల నుంచి బీపీ చూసే గొట్టం తీసి చీపురు ఇచ్చేటోళ్లు. "నువ్వు వెనక ఉండు, ఏం అడిగినా తెల్వదను" అనేటోళ్లు. కోర్సు చదవనామెతో సూదులేయిస్తే తప్పని వాళ్లకు తెలుసు. ఆ తప్పు మీద రోజూ ఒక నర్సు జీతం మిగులుతదని గూడ తెలుసు. ఇది ఒక్క అవ్వ కథ కాదు. బెల్టులో, ఆ మాటకొస్తే ఏ బస్తీలోనైనా చిన్న నర్సింగ్‌హోం తలుపు తెరిచి చూడండి, తక్కువ జీతానికి నర్సు పని చేసే ఆయా కనిపిస్తది. ఆమె కులం అడగండి.

2010ల జిల్లాల కాంట్రాక్టు మీద నర్సింగ్ ఆర్డర్లీలను తీసుకుంటరని మా బస్తీల చెప్పుకున్నరు. అవ్వ పోయి సర్టిఫికెట్ అడిగింది. నాలుగు లైన్లిచ్చిండ్రు. ఆమెకు చదవరాదు. ఇంటికి తెచ్చి సంబురంగ నా చేతిల పెట్టింది. నేనప్పుడు సంగారెడ్డి తారా కాలేజీల డిగ్రీ ఫైనలియరు. చదివి చెప్పడానికి నాకు నోరు రాలే. 'స్వీపరు' అనే మాట కాడ ఆగిన. "ఏమని రాసిండ్రు?" అన్నది. "పనిచేసినవని రాసిండ్రవ్వా" అన్న. మా ఇంట్ల మొదటి డిగ్రీ చదువు చేసిన మొదటి పని అవ్వకు అబద్ధం చెప్పుడు. రెండు దినాలకు దరఖాస్తు కాడ క్లర్కు చదివి చెప్పిండు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నాకు చదువు నేర్పు" అన్నది.

ఓపెన్ స్కూల్ల పది కట్టించిన. లెక్కలు మొదటిసారి పోయినయి, రెండోసారికి అయినయి. సైన్సుల పునరుత్పత్తి పాఠం నేను పుస్తకం చూసి చెప్తుంటే జరాయువు అంటే ఏందని అడిగింది. చెప్పిన. "మాయనా! మాయకు గింత కష్టం పేరా?" అన్నది. తర్వాత మాయ ఎప్పుడు, ఎట్ల ఊడుతదో, ఊడకపోతే ఏమైతదో అరగంట నాకు చెప్పింది. పరీక్షల ఆ ప్రశ్న రాలేదు.

పది చేతికొచ్చేసరికి నలభై దాటింది. ఏ కోర్సుకూ వయసు కలవలే. అట్ల ఇంటింటి ఆయా అయింది. లింగంపల్లి, చందానగర్, బీహెచ్ఈఎల్ దిక్కు పిల్లలు అమెరికాల, ముసలోళ్లు ఇంట్ల. ఏజెన్సీలు పన్నెండు గంటల డ్యూటీకి మనుషుల్ని పంపుతయి. కేర్‌టేకర్ అంటరు. జీతం నర్సింగ్‌హోం కంటే నయం. వెళ్లిన ప్రతి ఇంట్ల రెండో దినమో మూడో దినమో ఆ ప్రశ్న వస్తది: "మీరేమిట్లమ్మా?" ఒక ఇంట్ల నిజం చెప్పింది. పక్షవాతంతో పడిపోయిన ముసలామెకు డైపర్ మార్చుడు, ఒళ్లు తుడుచుడు, నోట్ల గొట్టం నుంచి పాలు పోసుడు అవ్వనే. ఆ పాలు కాచేటందుకు మాత్రం వంటింట్లకు పోవద్దు, కోడలు కాచి గడప కాడ పెడతది. నాయినమ్మను దొడ్డి దర్వాజ నుంచి పిలిచిండ్రు. అవ్వను లిఫ్టుల పిలిచిండ్రు. గడప మాత్రం ఇంట్లకు జరిగి వంటింటి కాడ కూసున్నది.

కులం పనినే కాదు, పనిచేసే మనుషులనే విడగొడుతుందని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో తేల్చి చెప్పిండు. దవాఖానల ఆ ముచ్చట కండ్లకు కనపడుతది. పని అందరిది కలిసే ఉంటది, మనుషులు మాత్రం అంతస్తులుగా ఉంటరు.

చెల్లె 1995ల పుట్టింది. పది పాసైనంక అవ్వ ఒక్కటే పట్టు పట్టింది: "మనిషిని తుడిచే పని వద్దు, మిషిను పని చూడు." ఒకేషనల్ ఇంటర్ల మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేరింది. ఇక్కడ విద్యార్థులకు ఒక ముచ్చట చెప్పాలె, మాకు చెప్పేటోళ్లు లేక మోసపోయినం. ఆ రెండేండ్ల సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే సర్కారు కొలువుకు చాలదు. దాని తర్వాత ఏడాది క్లినికల్ ట్రైనింగు చెయ్యాలె, పారామెడికల్ బోర్డుల పేరు నమోదు కావాలె. మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చేసిన ఆడపిల్లలకు గూడ అంతే, ఏడాది ట్రైనింగు ఉండాలె. చెల్లె క్లాసుల సగం మంది ఇంటర్ పాసైన దినం నుంచే ప్రైవేటు ల్యాబులల్ల కూలికి కుదిరి ఆ ఏడాదిని పోగొట్టుకున్నరు. ఆగి చదివే స్తోమత లేనోళ్లే పోగొట్టుకున్నరు. చెల్లె పోయిందంటే అవ్వ కేర్‌టేకర్ జీతం మీద పోయింది.

తర్వాత ఆరేండ్లు ప్రైవేటు ల్యాబు. అక్కడ నలుగురు టెక్నీషియన్లు. నెత్తురు తీసుడు, మిషిను, కంప్యూటరు ముగ్గురు పంచుకునేటోళ్లు. మలం, మూత్రం, గళ్ల డబ్బాలు చెల్లె బల్ల మీదికి వచ్చేటియి. ఎవరూ రూలు పెట్టలే, అట్ల జరిగిపోయేది. "నేనవ్వ పని తప్పించుకున్ననుకున్న, డబ్బాలల్ల వచ్చింది" అనేది. అయితే ఆ బల్ల మీదనే ఆమె కల్చర్ పరీక్ష మంచిగ నేర్చుకున్నది. క్రిములను గిన్నెల పెంచి ఏ మందుకు చస్తయో చూసే పరీక్ష. మందుకు లొంగకపోతే రిపోర్టుల ఆర్ అని రాస్తరు. బెల్టు బస్తీల నుంచి వచ్చిన నమూనాలకు వరసగా ఆర్, ఆర్, ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్ కాడ మరీ. 2007ల స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక అదే మందు ఉన్నదని ప్రచురించిండ్రు. మందు బిళ్లలల్ల ఉండాల్సింది వాగుల ఉన్నది. చెల్లె గిన్నెల చూసేదానికి, మా వాగుకు ఎంత లంకె ఉన్నదో తేల్చాలంటే పెద్ద పరిశోధన కావాలె. కాని నాయినమ్మ కాళ్లు కాలిన వాగు పేరు చెల్లె బల్ల కాడ మళ్ల వినపడ్డది.

2021ల ఔట్‌సోర్సింగ్ మీద సర్కారు దవాఖానకు మారింది. 2024 సెప్టెంబరుల ల్యాబ్ టెక్నీషియన్ నోటిఫికేషన్ పడ్డది, 1,284 పోస్టులు. రాతపరీక్షకు 80 మార్కులు, సర్కారు దవాఖానలల్ల కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. చెల్లెకు చివరి మూడేండ్లు కలిసినయి. ప్రైవేటు ల్యాబుల ఆరేండ్లకు సున్న. నేను ఆ రూలును తప్పనను, సర్కారులో చాకిరి చేసినోళ్లకు మార్కులు ఇయ్యాలె. ప్రైవేటోనికే చాకిరి చేసినోళ్ల సంగతి మాత్రం ఎవరి లెక్కల రాలేదు. నవంబరుల పరీక్ష రాసింది. ఇప్పటికీ అదే ఔట్‌సోర్సింగ్ కుర్చీల ఉన్నది.

2021ల పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది. దాని ప్రకారం అనుబంధ వృత్తిదారు అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువుతో డిప్లొమానో డిగ్రీనో ఉండాలె. ఒక రాత్రి కాగితం మీద అవ్వ గంటలు లెక్కేసిన. దినానికి 12 గంటలు, ఏడాదికి 300 దినాలు, 13 ఏండ్లు: 46,800. చూసినంత మాత్రాన చదివినట్టు కాదని నాకు తెలుసు, నాయినమ్మ కొడవలి ముచ్చట మరువలేదు. కాని 46,800 గంటల మీద ఇంకో 500 గంటల పాఠం చెప్పి ఈమెను ఎక్కించే దారి ఉండొద్దా? కేంద్రం నైపుణ్య పథకంల పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉన్నది. అది జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని ఇస్తది. అంటే నువ్వు ఏడున్నవో ఆడనే మంచిగున్నవ్ అని సర్టిఫికెట్.

2025 జూన్ 30న పాశమైలారంల మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ పేలింది. 40 మందికి పైగా చచ్చిపోయిండ్రు, ఎక్కువమంది బయటి రాష్ట్రాల కూలీలు. పటాన్‌చెరు ఏరియా దవాఖాన మార్చురీ ముందట తల్లులు, తమ్ముళ్లు డీఎన్ఏ కోసం నెత్తురిచ్చి ఎదురుచూసిండ్రు. గుర్తుపట్టే తీరుల లేని శరీరాలను మోసిన, సర్దిన, కట్టిన చేతులెవరివో నేను చదివిన పేపర్లల్ల ఎక్కడా కనపడలే. ఆ రాత్రి చెల్లె అన్నం తినకుండ ఒక్క మాటన్నది: "సీసా మీద ఒక్క పేరు తప్పు రాస్తే ఒగల కొడుకును ఇంగొకలు కాలవెడతరక్కా." తన పని ఎంత పెద్దదో ఆమె నోట్ల నుంచి నేనట్ల వినుడు అదే మొదలు.

మొన్న మా బడిల పదో తరగతి పిల్ల ఒకతి వచ్చి అడిగింది. వాళ్లమ్మ ఒక పెద్ద దవాఖానల హౌస్‌కీపింగ్. "టీచర్, ఎమ్మెల్టీ తీసుకోవాలెనా, హెల్త్ వర్కరా?" నేను చెప్పేకంటే అవ్వ చెప్తేనే మంచిదని ఇంటికి తోలుకపోయిన. అవ్వకు ఇప్పుడు మోకాళ్లు రావు, మంచం మీదనే కూసోని అడిగింది, నెత్తురు చూస్తే భయమా అని. లేదన్నది పిల్ల. "మీయమ్మ ఎన్నేండ్ల నుంచి పనిచేస్తుంది?" తొమ్మిదేండ్లన్నది. "కాగితాలున్నయా?" పిల్ల నా మొకం చూసింది. అవ్వ మెత్త కింద నుంచి తన నాలుగు లైన్ల కాగితం తీసి ఆమె చేతికిచ్చింది. చదువుమన్నది, పైకి, గట్టిగ. పిల్ల చదివింది. స్వీపరు అనే మాట గూడ ఆగకుండ చదివింది.

"గిట్ల రాపియ్యొద్దని మీయమ్మకు చెప్పు. జీతం చిట్టీలు, పీయఫ్ నంబరు, హాజరు పట్టీ, అన్నీ జిరాక్స్ తీపియ్యమను. నువ్వు ట్రైనింగు ఏడాది ఇడిశిపెట్టకు" అన్నది అవ్వ.

సోమవారం ఆ పిల్ల బడికి ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చింది. అందుల వాళ్లమ్మవి పదకొండు జీతం చిట్టీలున్నయి. మిగతావి ఇంకా వెతుకుతున్నరట.